జనం తగ్గుతున్న ఊళ్ళో కరెంటు ఎందుకు ఎక్కువ కాలుతోంది?

సోషల్ మాస్టారు, వజ్రపుకొత్తూరు
ఆదివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. మీలో రకరకాల పనులు చేసేవాళ్ళున్నారు కదా అని ఇక్కడ పెడుతున్నాను.

పదో తరగతికి వనరుల పాఠం చెబుతున్నాను. ప్రపంచ జనాభా 1950లో సుమారు 250 కోట్లు, 2022 నవంబరు 15కి 800 కోట్లు అని బోర్డు మీద రాశాను. కాబట్టి బొగ్గు, చమురు, గ్యాస్ తరిగిపోతున్నాయని కింద గీత గీశాను. ఇరవై రెండేళ్ళుగా ఇలాగే చెబుతున్నాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. ‘మాస్టారూ, మా వీధిలో పదహారు గడపలు. ఏడింటికి తాళాలే. మిగతా ఇళ్ళల్లో తాతలూ అమ్మమ్మలే. జనం తగ్గిపోతుంటే మా ఊరి ట్రాన్స్‌ఫార్మరు తీసేసి పెద్దది ఎందుకు పెట్టారు?’

సుద్దముక్క చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. ఉద్దానం నుంచి హైదరాబాదుకీ, చెన్నైకీ, చేపల వేటకి గుజరాత్ వెరావల్‌కీ, గల్ఫ్‌కీ పోయినవాళ్ళ ఇళ్ళు ప్రతి వీధిలోనూ కనిపిస్తాయి. 2001 నుంచి 2011 దాకా పదేళ్ళలో మన శ్రీకాకుళం జిల్లా జనాభా పెరిగింది ఆరున్నర శాతం. విజయనగరం అయితే 5 శాతం లోపే. రాష్ట్రంలో ఒక తల్లికి సగటున 1.7 మంది పిల్లలని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనని 2024లో మన శాసనసభే ఎత్తేసింది. నేనింకా పాత పాఠమే చెబుతున్నాను.

ఆ అమ్మాయికి నిజాయితీగా జవాబు చెప్పాలి. ఇంధనాన్ని ఖర్చు పెడుతున్నది తలకాయల లెక్కా, లేక మనం నడుపుకుంటున్న ఆర్థిక వ్యవస్థా?

పలాస గూడ్స్
ఆదివారం, ఉదయం 9:05

మాస్టారూ, నేను గూడ్స్ గార్డుగా రిటైరయినవాణ్ణి. సిద్ధాంతాలు తెలియవు, బొగ్గు బండ్లు తెలుసు.

ఒడిశా తాల్చేరులో బొగ్గు నింపుకున్న బండి బరంపురం, ఇచ్ఛాపురం, పలాస, విజయనగరం మీదుగా పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రానికి పోతుంది. ఒక రేకుకి, అంటే ఒక పూర్తి బండికి, 58, 59 వ్యాగన్లు. ఇంచుమించు నాలుగు వేల టన్నులు. యూనిట్ కరెంటుకి ముప్పావు కిలో లోపు బొగ్గు పడుతుందని అక్కడి ఇంజనీర్లు చెప్పేవారు. ఆ లెక్కన ఒక రేకుకి 57 లక్షల యూనిట్లు వస్తాయనుకోండి. సింహాద్రి 2,000 మెగావాట్లూ పూర్తిగా తిరిగిన రోజున ఎనిమిది రేకులు మింగేస్తుంది.

బ్రేక్ వ్యానులో కూర్చుని రాత్రిపూట ఇచ్ఛాపురం దాటాక చూస్తే పట్టాలకి అటూ ఇటూ ఊళ్ళు నల్లగా ఉండేవి. ఎనభైల నాటి మాట. మన కళ్ళ ముందునుంచే బండ్లకొద్దీ బొగ్గు పోయేది, మన ఊళ్ళకి మాత్రం సాయంత్రం ఆరు దాటితే కిరసనాయిలు బుడ్డే. బొగ్గు ఎక్కడ దిగుతుంది, దానితో పుట్టిన కరెంటు ఎవరింటికి పోతుంది అన్నది జనం లెక్కలో ఎక్కడా కనిపించదు. మీ అమ్మాయి ప్రశ్న నాకు బాగా నచ్చింది.

లెక్కల పంతులు, బొబ్బిలి
ఆదివారం, ఉదయం 10:30

మాస్టారూ, పాఠం పూర్తిగా తప్పని మాత్రం అనకండి. ఇది గుణకారం. ఎంతమంది ఉన్నారు, ఒక్కొక్కరి సంపాదన ఎంత, ఆ సంపాదనలో ప్రతి రూపాయి వెనకా ఎంత ఇంధనం కాలింది అన్న మూడింటినీ గుణిస్తేనే మొత్తం వస్తుంది. అందులోంచి ఒక అంకె తీసిపారేస్తే లెక్క తప్పుతుంది.

కాకపోతే ఏ అంకె ఎంత పెరిగిందో విడివిడిగా చూడాలి. మన దేశాన్నే తీసుకోండి. 1947లో తలసరి కరెంటు ఏడాదికి 16 యూనిట్లు. 2023-24లో 1,395. ఇన్నేళ్ళలో జనాభా సుమారు నాలుగు రెట్లయింది, తలసరి వాడకం ఎనభై రెట్లు దాటింది. చైనాలో 1990 నుంచి 2020 దాకా జనాభా పాతిక శాతం పెరిగింది, ఇంధన వాడకం నాలుగైదు రెట్లయింది. అంటే బరువంతా రెండో అంకె మీద ఉంది. నైజర్‌లో ఒక తల్లికి ఇంచుమించు ఆరుగురు పిల్లలు. ఆ దేశం ఏడాదికి వాడే కరెంటు మన దేశంలో ఒక పెద్ద నగరం వాడకానికి కూడా రాదు. ఆఫ్రికాలో 60 కోట్లమంది ఇళ్ళల్లో ఇప్పటికీ బల్బు వెలగదు. అమెరికాలో ఉన్నది ప్రపంచ జనాభాలో 4 శాతం, కాల్చేది ప్రపంచ ఇంధనంలో ఆరో వంతు దాకా.

అయినా జనం సంగతి నేను వదలను. భారతదేశం 2060ల్లో 170 కోట్ల దగ్గరికి చేరాకే తగ్గడం మొదలవుతుందని ఐక్యరాజ్యసమితి అంచనా. వాళ్ళందరికీ అన్నం కావాలి. పొలంలో చల్లే యూరియా నేల నుంచి ఊరేది కాదు, సహజవాయువుతో తయారయ్యేది. 45 కిలోల బస్తా మనకి 266 రూపాయల 50 పైసలకి దొరుకుతోంది కాబట్టి దాని వెనకున్న గ్యాస్ ఎంతో మనకి తట్టదు. కడుపుకి కావలసిన ఇంధనం జనంతో పాటే పెరుగుతుంది. సోకులకి కావలసింది మాత్రం సంపదని బట్టి పెరుగుతుంది.

రాజాం అక్క
ఆదివారం, మధ్యాహ్నం 1:15

లెక్కల మాస్టారు గారూ, జనం, సంపాదన అన్నారు. మధ్యలో ఇల్లు ఏమైపోయింది?

మా అత్తగారి హయాంలో పదకొండు మందిమి. ఒక్కటే పొయ్యి. సరుగుడు పుల్లలు, జీడిమామిడి కొమ్మలు, వానాకాలంలో తడిసిన పిడకలు. అత్తగారు ఊదుగొట్టం పట్టుకుని వంగి ఊదుతుంటే కళ్ళవెంట నీళ్ళు ధారగా కారేవి. రాత్రికి ఆ పొయ్యి నిప్పుల మీదే పాలు కాగేవి, పొద్దున నీళ్ళు వెచ్చబడేవి. ఇంటికి రెండు బల్బులు. ఒకటి వీధరుగు మీద, ఒకటి వంటింట్లో.

ఇప్పుడు ఆ పదకొండు మందీ తొమ్మిదయ్యారు. ఇళ్ళు మాత్రం నాలుగయ్యాయి. నాలుగు ఫ్రిజ్‌లు, నాలుగు మోటార్లు, నాలుగు మిక్సీలు, మూడు ఏసీలు. పెద్దాడు హైదరాబాదులో ఉన్నా ఇక్కడి ఇంట్లో ఫ్రిజ్ ఆపడు, పండక్కి వస్తే కావాలిగా అంటాడు. మనుషులు తగ్గి మీటర్లు పెరగడమంటే ఇదే. మీ ఊళ్ళో తాళాలు వేసిన ఏడిళ్ళవాళ్ళూ ఎక్కడో ఒకచోట అద్దెకుంటూ అక్కడ కూడా మీటరు తిప్పుతూనే ఉంటారు.

ఇంకో మాట. పుల్లల పొయ్యి రోజుల్ని ఎవరూ తక్కువ ఖర్చని పొగడకండి. ఆ పొగ మా ఊపిరితిత్తుల్లోకి పోయింది. 1999లో దీపం పథకం కింద నాకు గ్యాస్ వచ్చింది. మొదటి రోజు స్టవ్ ముందు నిలబడి వంట చేస్తే వింతగా అనిపించింది, నడుం వంచక్కర్లేదు మరి. 2024 నవంబరు 1న ఇచ్ఛాపురం దగ్గర ఈదుపురంలో మొదలుపెట్టిన మూడు ఉచిత సిలిండర్లూ తీసుకుంటున్నాను. దేశంలో వాడే వంటగ్యాస్‌లో సగానికి పైగా బయటినుంచి, ఎక్కువగా గల్ఫ్ నుంచే వస్తుందని తెలుసు. అయినా ఆడవాళ్ళ వంటింటి ఇంధనాన్ని దుబారా పద్దులో రాస్తే నేనొప్పుకోను.

పలాస గూడ్స్
ఆదివారం, మధ్యాహ్నం 1:32

అక్కా, నూటికి నూరుపాళ్ళు నిజం. మా అమ్మ చివరి పదేళ్ళూ దగ్గుతూనే పోయింది.

గరివిడి కొలిమి
ఆదివారం, సాయంత్రం 4:50

ఉక్కులో కలిపే లోహాలు తీసే ఫెర్రో అల్లాయ్స్ ఫర్నేసు మీద పంతొమ్మిదేళ్ళు పనిచేశాను. కంపెనీ పేరు వద్దులెండి.

గర్భాం వైపు మాంగనీసు గనులున్నాయి, కరెంటు అందుబాటులో ఉంది. అందుకే ఈ కొలుములు మన జిల్లాకి వచ్చాయి. ఒకప్పుడు మాచ్‌ఖండ్ నుంచి నీటి కరెంటు వచ్చేది. 1955లో మొదలైన ప్రాజెక్టు అది. మనదీ ఒడిశాదీ ఉమ్మడి సొత్తు. టన్ను సిలికో మాంగనీసు తియ్యాలంటే నాలుగు వేల యూనిట్లు అటూఇటుగా పడుతుంది. మూడు ఎలక్ట్రోడులు దిగి, లోపల ఖనిజం మరుగుతుంటే ఆ కాంతికి రాత్రిపూట కూడా షెడ్డు పగల్లా ఉండేది. కరిగిన లోహాన్ని బయటికి వదిలే ట్యాపింగ్ చేసేటప్పుడు మొహం మీద వేడి కొట్టి కనురెప్పలు మాడేవి.

లెక్కల మాస్టారు చెప్పిన 1,395 యూనిట్లతో చూడండి. ఒక టన్ను లోహంలో ఇంచుమించు ముగ్గురు మనుషుల ఏడాది కరెంటు దాగుంది. ఆ లోహం గరివిడిలో ఎవరికీ పనికిరాదు. ఉక్కులో కలుస్తుంది, ఆ ఉక్కు ఎక్కడో కారవుతుంది, ఓడవుతుంది, వంతెనవుతుంది. కానీ కరెంటు ఖర్చు మాత్రం విజయనగరం జిల్లా పద్దులో పడుతుంది. ఉక్కు ధర పడిపోయినప్పుడో, యూనిట్ రేటు పెరిగినప్పుడో ఫర్నేసు ఆపేసేవారు. మర్నాటికి జిల్లా వాడకం దబ్బున పడిపోయేది. ఆ నెలలో చీపురుపల్లి, గరివిడిల్లో ఒక్క మనిషి కూడా తగ్గలేదు. మాకు మాత్రం జీతాలు ఆగిపోయాయి, పక్కింటి వాళ్ళ దగ్గర బియ్యం చేబదులుగా తెచ్చుకున్నాం.

కరెంటు పెరగడానికీ తగ్గడానికీ కారణం ఎక్కడుందో నేను ఆ షెడ్డులోనే తెలుసుకున్నాను.

నాగావళి ఒడ్డు
ఆదివారం, రాత్రి 8:20

గరివిడి అన్నా, అసలు విషయం మీరు చెప్పారు. లాభం కోసం నడిచే వ్యవస్థకి ‘ఇక చాలు’ అన్న మాట తెలియదు. అప్పు తెచ్చి ఫ్యాక్టరీ పెట్టినవాడు వడ్డీ కట్టాలంటే పోయినేటికన్నా ఎక్కువ అమ్మాలి. ఎక్కువ అమ్మాలంటే ఎక్కువ చెయ్యాలి, ఎక్కువ కాల్చాలి. కొనేవాళ్ళు చాలకపోతే కొత్త కోరికలు పుట్టించాలి.

పొదుపు చేస్తే సరిపోతుందని కొందరంటారు. ఇంగ్లండులో జెవన్స్ అనే ఆర్థికవేత్త 1865లోనే ఒక సంగతి పట్టుకున్నాడు. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రం పాతవాటికంటే చాలా తక్కువ బొగ్గుతో అంతే పని చేసింది. బొగ్గు మిగలాలి కదా? మిగల్లేదు. పని చవకయ్యేసరికి యంత్రాలు ఊరూరా పెట్టారు, మొత్తం బొగ్గు వాడకం ఇంకా పెరిగింది. మనం చూసిందే చూడండి. ఎల్‌ఈడీ బల్బులొచ్చాక ఒక్కో బల్బు కరెంటు ఖర్చు ఏడో ఎనిమిదో వంతుకి దిగింది. ఇప్పుడు పైడితల్లి సిరిమానోత్సవం నాటికి విజయనగరం కోట చుట్టూ, గంటస్తంభం దాకా ఎన్ని లైట్ల తోరణాలు కడుతున్నారో నా చిన్నప్పటితో పోల్చుకోండి. పండగకి వెలుగు వద్దని నేననను. పొదుపైనంతా మిగులుతుందని మాత్రం అనుకోవద్దు.

ఇప్పుడు విశాఖకి గూగుల్ డేటా సెంటర్ వస్తోంది. 2025 అక్టోబరులో ప్రకటించారు, గిగావాట్, అదే వెయ్యి మెగావాట్ల స్థాయి అన్నారు. అంటే సింహాద్రిలో సగం. దాంతో విశాఖ జనాభా పెరిగేదెంత, కరెంటు పెరిగేదెంత?

లెక్కల పంతులు, బొబ్బిలి
ఆదివారం, రాత్రి 9:45

తమ్ముడూ, లాభం మీద నువ్వు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ లాభం లేని వ్యవస్థని కూడా లోకం చూసింది. సోవియట్ యూనియన్‌లో ప్రణాళిక సంఘం ఇన్ని టన్నుల ఉక్కు, ఇన్ని టన్నుల సిమెంటు అని లక్ష్యం పెట్టేది. ఎంత బొగ్గుతో చేశావని అడిగేవాడు లేడు. ఊరంతటికీ ఒకేచోటి నుంచి వేడినీటి గొట్టాలు, ఇళ్ళల్లో మీటరు లేదు, తగ్గించే మీట లేదు. గది మరీ వేడెక్కితే మంచు కురిసే రోజుల్లో కిటికీ తెరిచేవారు. 1991లో ఆ వ్యవస్థ కూలాక రష్యాలో పదేళ్ళలోపే ఇంధన వాడకంలో మూడో వంతు దాకా తగ్గిపోయింది. జనాభా పెద్దగా మారలేదు. ఆ పడిపోవడంలో పొదుపు కంటే కష్టమే ఎక్కువ. ఫ్యాక్టరీలు మూతపడి పడిపోయింది, గరివిడి ఫర్నేసు ఆగినట్టే.

మన మిశ్రమ వ్యవస్థలో రెండు రకాల తప్పులూ ఉన్నాయి. 1973 నాటికి బొగ్గు గనుల్ని జాతీయం చేశాం. ఊరూరికీ తీగ లాగాం. అది లాభం చూసుకునేవాడు చేసే పని కాదు. మన్యంలో కొండమీది పది గుడిసెలకి స్తంభాలు వేయడానికి ఏ వ్యాపారి వస్తాడు? 1999లో విద్యుత్ బోర్డుని విడగొట్టాం. మరుసటేడు చార్జీలు పెంచితే 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి. 2004లో ఉచిత వ్యవసాయ విద్యుత్ వచ్చింది. ధర పెంచితే పేదవాడికి చీకటి. ధర తీసేస్తే బోరు రాత్రంతా నడిచి నేలలో నీరు అడుగంటుతుంది. ఈ రెంటి మధ్య నిలబడి తీర్పు చెప్పడం నా వల్ల కాలేదు. ఎవరైనా చెప్పగలిగితే వింటాను.

బీల గట్టు
సోమవారం, ఉదయం 5:50

మాస్టార్లకి దణ్ణాలు. నాను పెద్దగా సదువుకోనేదు. మా అబ్బాయి ఫోన్లో మాట్లాడతంటే అదే రాసుకుంటాది.

తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లారగట్ల వొచ్చినాది. కొబ్బరిసెట్లు తలకాయలు తెగి పడిపోనాయి, జీడితోటలు ఏళ్ళతో లేసిపోనాయి. కరెంటు స్తంబాలు ఒకదాని మీద ఒకటి. మా ఊరికి పంతొమ్మిది రోజులు కరెంటు నేదు. అప్పుడు తెలిసినాది కరెంటంటే ఏటో. దీపం నేకపోతే ఏటైపోద్ది, బుడ్డి ఎలిగించుకుంటాం. మంచినీలు నేవు. ట్యాంకు ఖాళీ. జనరేటరు అద్దెకి తెచ్చి పూటకో గంట మోటారు ఏసినారు. దాని డీజిలికి ఇంటింటికీ సందా వసూలు సేసినాం. డయాలసిస్సుకి ఎల్లాల్సినోల్లని మంచాల మీద మోసుకెల్లినాం, రోడ్డుకి అడ్డంగా పడ్డ సెట్లు నరుక్కుంటా. మా ఉద్దానంలో కిడ్నీ రోగులు ఎంతమందో మీకు తెలుసు.

అంతకుముందు సోంపేట బీలలో థర్మల్ పెడతామన్నారు. 2010 జూలై 14న కాల్పులు. మరుసటేడు ఫిబ్రవరిలో కాకరాపల్లిలో మల్లీ కాల్పులు. పేణాలు పోనాయి. సోంపేటలో అనుమతి రద్దు సేసినారు. బీల అంటే ఉత్తి బురద కాదండి. సేపలు, తుంగ, పసువులకి గడ్డి, వొరి మడికి నీరు. అదంతా బూడిదైపోతే ఆ కరెంటు మా ఊరికి కాదు గదా అని కొట్టాడినాం. ఇప్పుడు కొవ్వాడలో అణు కేంద్రమంట, ఆరు రియాక్టర్లు, ఒకోటి 1,208 మెగావాట్లంట. మత్స్యకార గ్రామాలోల్లు ఖాళీ సెయ్యాల.

పెపంచానికి కరెంటు కావాల. అది నానూ ఒప్పుకుంటాను. మరి ఎప్పుడూ మా భూమే ఎందుకు, మా సముద్రమే ఎందుకు? కావలసినోడు ఒకడు, పోగొట్టుకున్నోడు ఇంకొకడు. ఈ లెక్క ఎవురు కడతారు?

సోషల్ మాస్టారు, వజ్రపుకొత్తూరు
సోమవారం, ఉదయం 6:30

బాబూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇది పిల్లలకి చదివి వినిపిస్తే మీకు అభ్యంతరం లేదు కదా?

బీల గట్టు
సోమవారం, ఉదయం 6:41

సదివించండి మాస్టారూ. అభ్యంతరం ఏటి.

మిద్దె మీది ఎండ
సోమవారం, మధ్యాహ్నం 12:10

శ్రీకాకుళంలో ఇళ్ళ మీద సోలార్ పలకలు బిగించే పని నాది. పెద్దలందరూ గతం గురించి చెప్పారు, ఇప్పుడు జరుగుతున్నది నేను చెబుతాను.

2010 నుంచి 2020 మధ్య సోలార్ పలకల ధర పదో వంతుకి పడింది. ఎలా పడిందో చూడండి. మొదట జర్మనీ ప్రభుత్వం ఇళ్ళ మీద పుట్టే సోలార్ కరెంటుకి ఇరవై ఏళ్ళు మంచి రేటు ఇస్తానని చట్టం చేసింది. గిరాకీ ఖాయమయ్యింది. తర్వాత చైనా ప్రభుత్వం అప్పులిచ్చింది, భూములిచ్చింది, అక్కడి కంపెనీలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ ధర దించాయి. ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే పలకల్లో 80 శాతానికి పైగా చైనావే. ఒట్టి మార్కెట్టు అయితే మొదటి పదేళ్ళు దీని మొహం చూసేది కాదు. ఒట్టి ప్రభుత్వం అయితే ఇంత చవక చేసేది కాదు. నాగావళి అన్న, లెక్కల మాస్టారు ఇద్దరూ చెప్పినది ఇందులో కలిసే ఉంది.

ఇక్కడ సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ. ఎవరు పెట్టిస్తున్నారంటే సొంత మిద్దె ఉన్నవాళ్ళు, మిగతా డబ్బు చేతిలో ఉన్నవాళ్ళు. రేకుల ఇంట్లో అద్దెకుండేవాళ్ళు రూపాయి కూడా అందుకోలేరు. ఎండ అందరి మీదా ఒకేలా పడుతుంది, మిద్దె మాత్రం అందరికీ లేదు. నాకు రోజూ బాధ కలిగించే విషయం ఇదే.

ఎండ లేని వేళకి నిలవ చెయ్యడానికి సాలూరు వైపు కొండల్లో పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు అంటున్నారు. పగలు నీటిని పైకి తోడి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీస్తారు. మంచి పద్ధతే. కానీ ఆ కొండ మీద గిరిజనులున్నారు. బీల గట్టు మావయ్య అడిగిన ప్రశ్న అక్కడా ఉంది.

రాజాం అక్క
సోమవారం, మధ్యాహ్నం 2:25

తమ్ముడూ, అద్దె ఇళ్ళవాళ్ళందరూ కలిసి బడి మిద్దె మీదో, పంచాయతీ ఆఫీసు మీదో పలకలు పెట్టించుకునే వీలుందా? మా డ్వాక్రా సంఘంలో అడిగే ధైర్యం నాకుంది. ఎంతవుతుందో విడిగా రాసి పెట్టు.

సోషల్ మాస్టారు, వజ్రపుకొత్తూరు
సోమవారం, రాత్రి 8:55

ఇవాళ బడి అయ్యాక ఆ అమ్మాయినీ ఇంకో ముగ్గుర్నీ వెంటబెట్టుకుని ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి వెళ్ళాను. లైన్‌మన్ అక్కడే దొరికాడు. పెద్దది ఎందుకు పెట్టారయ్యా అని అడిగితే చెయ్యి చాపి సముద్రం వైపు చూపించాడు. రొయ్యల చెరువులు. వాటిలో నీళ్ళు చిమ్ముతూ తిరిగే ఏరియేటర్లు.

వెళ్ళి చూశాం. గట్టు మీద నిలబడితే మాట వినిపించనంత చప్పుడు. తెల్లటి రెక్కలు నీటిని కొడుతుంటే నురగ లేస్తోంది. అవి ఆగితే నీళ్ళలో గాలి తగ్గి, తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలిపోతాయట. ఈ రొయ్యలు ఎవరు తింటారని అమ్మాయి అడిగింది. ఎక్కువ అమెరికాకేనమ్మా అన్నాడు కాపలా ఆయన. 2025 ఆగస్టులో వాళ్ళు మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు కొందరు రొయ్య పిల్ల వెయ్యకుండా చెరువులు ఎండబెట్టారనీ, ఏరియేటర్లు గట్టున పడేశారనీ చెప్పాడు.

తిరిగి వస్తుంటే అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. ఊరి మొగలో ఆగి, ‘అయితే మాస్టారూ, మా ఊరి కరెంటు మా ఊళ్ళో లేనివాళ్ళు తింటున్నారన్నమాట’ అంది.

రేపు బోర్డు మీద పాత వాక్యం చెరపను. దాని కింద గుణకారం రాసి, జనం, సంపాదన, ఇంటి లెక్క, సరుకు ఎక్కడికి పోతోంది అన్నవి పిల్లల చేతనే నింపిస్తాను. ఒక చెరువుకి రోజుకి ఎన్ని యూనిట్లో ఎవరైనా చెప్పగలరా?

గరివిడి కొలిమి
సోమవారం, రాత్రి 9:20

రెండు హార్సుపవర్ ఏరియేటరు గంటకి యూనిట్నర లాగుతుంది. చెరువుకి నాలుగు పెట్టి పన్నెండు గంటలు తిప్పితే రోజుకి 72 యూనిట్లు. తలసరి వాడకం రోజుకి 3.8 యూనిట్లు అనుకుంటే ఒక్క చెరువు పంతొమ్మిది మంది మనుషులతో సమానం. మీ అమ్మాయి చేత భాగహారం చేయించండి, నేను చెప్పానని మాత్రం చెప్పొద్దు.

బీల గట్టు
సోమవారం, రాత్రి 9:48

మాస్టారూ, నాకూ ఒక సెరువుంది. థర్మల్ వొద్దని కొట్టాడినోన్నే, ఏరియేటర్లూ తిప్పతన్నాను. కొబ్బరి పోనాక బతకడానికి ఇంకేటీ కనపడనేదు. శనివారం పిల్లల్ని తీసుకురండి. మీటరు బాక్సు తాళం తీసి సూపిత్తాను. పొద్దున్న రీడింగు, సాయంత్రం రీడింగు వాలే రాసుకుంటారు. గట్టు జారుడుగా ఉంటాది, సెప్పులు ఇడిసి నడవమని సెప్పండి.